బోటు సీటు కింద చెక్క పుచ్చిపోతే కొత్త పలక ఇలా చేసుకోండి

కూర్చోగానే సీటు నడుమ కాస్త కుంగుతుంది. లేచి కుషన్ తిరగేసి చూస్తే అడుగున ప్లైవుడ్ నల్లబడి, పొరలు విడిపోయి కనిపిస్తుంది. రెక్సిన్‌ను పట్టి ఉంచే స్టేప్లర్ పిన్నులు ఉండాల్సిన చోట తుప్పు మరకలే మిగిలి ఉంటాయి. వేలితో నొక్కితే పొట్టు రాలుతుంది. పైన రెక్సిన్ మాత్రం ఇంకా బాగానే ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది సీటు మొత్తం మార్చేస్తారు. అంత అవసరం లేదు. పాడైంది అడుగు పలక ఒక్కటే. జిగ్‌సా, డ్రిల్, బ్రష్ పట్టుకోవడం వచ్చినవాళ్లెవరైనా దాన్ని ఇంట్లోనే మళ్లీ చేసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు నా అనుభవం ఒకటి చెప్తాను. మొదటిసారి చేసినప్పుడు నీటిచుక్క కూడా లోపలికి పోకూడదన్న పట్టుదలతో పలకకు అన్ని వైపులా ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) పూశాను, ఫోమ్‌కు ప్లాస్టిక్ షీటు చుట్టాను, అడుగున మందపాటి గుడ్డ కూడా బిగించాను. రెండు సీజన్లయ్యాక విప్పి చూస్తే ఫోమ్ నిండా నీళ్లు. పిన్నులు దిగిన చోటల్లా చెక్క మళ్లీ నల్లబడుతోంది. నీళ్లు కుట్టు బెజ్జాల్లోంచి లోపలికి పోయాయి, బయటికి రావడానికి మాత్రం నేను దారి ఉంచలేదు. ఆ తర్వాత చేసిన ప్రతి పలకకూ రెండు జాగ్రత్తలు తీసుకుంటున్నాను. ఒకటి, చెక్కలోకి నీరు ఇంకకుండా చూడడం. రెండు, లోపలికి వచ్చిన నీరు తొందరగా కారిపోయేలా చూడడం. ఈ రెండోది వదిలేస్తే మొదటిది ఎంత శ్రద్ధగా చేసినా పలక నిలవదు.

అసలు చెక్క ఎందుకు పుచ్చుతుంది? తడి వల్ల కాదు, ఆరని తడి వల్ల. చెక్కను తినే బూజు జాతి ఫంగస్ పెరగాలంటే చెక్కలో తేమ దాదాపు 20 శాతానికి మించి ఉండాలి, అదీ చాలా రోజులు ఉండాలి. వాన పడి ఎండకు ఆరిపోయే చెక్కకు పెద్ద భయం లేదు. సీటు కింద పలక పరిస్థితి వేరు. దాని మీద నీళ్లు పీల్చుకున్న ఫోమ్ వారాల తరబడి తడిగుడ్డలా ఆనుకుని కూర్చుంటుంది. గాలి తగలదు, ఎండ తగలదు. రెక్సిన్‌లోంచి నీరు పోదు గానీ, దాని కుట్ల వెంట సూది వేసిన బెజ్జాలు వందల కొద్దీ ఉంటాయి. అందుకే పాత పలకలు చాలావరకు కుట్టు కింద, అంచుల దగ్గర ముందుగా పోతాయి. విప్పినప్పుడు గమనించండి, మీ సీటులో నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఆ నల్లమచ్చలే చెప్తాయి.

విప్పడం

ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి. మూలల్లో మడతలు ఏ వైపు నుంచి ఏ వైపుకు వేశారో, పిన్నులు అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో దగ్గరగా తీయండి. తిరిగి బిగించే రోజున మిమ్మల్ని ఆదుకునేవి ఇవే. ప్రతి కుషన్‌కు ఒక నంబరు ఇచ్చి, రెక్సిన్ లోపలి వైపున, ఫోమ్ మీద అదే నంబరు రాసి, ముందు భాగం ఏదో బాణం గుర్తు వేయండి. ఎడమ సీటు, కుడి సీటు చూడ్డానికి ఒకేలా ఉన్నా, చాలా బోట్లలో ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. కలిసిపోతే తర్వాత గుర్తుపట్టడం కష్టం.

పిన్నులు పీకడానికి ఓపిక కావాలి. సన్నని స్క్రూడ్రైవర్ మొనను పిన్ను కిందికి తోసి కొద్దిగా లేపండి, ఆపైన ప్లయర్‌తో పట్టుకుని లాగండి. తుప్పు పట్టినవి తలలు ఊడి వస్తాయి. వాటి కాళ్లు చెక్కలోనే ఉండిపోయినా ఫర్వాలేదు, ఆ చెక్క ఎలాగూ పారేస్తాం. విరిగిన ముక్కలు రెక్సిన్ మడతల్లో ఉండిపోతే మాత్రం తర్వాత చేతులు కోస్తాయి, కొత్త పలక పూతను గీస్తాయి. కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు వేసుకునే ఈ పని చేయండి. అయిపోయాక మడతల మీదుగా అయస్కాంతం తిప్పండి. తొందరపడి రెక్సిన్‌ను కత్తితో కోసి తీయవద్దు. లోపలికి మడిచిన ఆ రెండు వేళ్ల వెడల్పు అంచు లేకపోతే దాన్ని తిరిగి లాగి బిగించలేరు.

ఫోమ్‌ను పిండి చూడండి. నీళ్లు కారితే అది నీరు పీల్చే రకం. నీళ్లు రాకుండా గట్టిగా, రబ్బరులా ఉంటే మూసిన గాలి గదుల రకం, అది మామూలుగా నీరు పట్టదు. పీల్చే రకాన్ని సబ్బునీళ్లతో కడిగి, మీద పలక వేసి తొక్కి పిండి, గాలి ఆడే నీడలో నిలువుగా నిలబెట్టండి. ఆరిందో లేదో చేతితో తెలియదు, పైన ఆరినా మధ్యలో తడి ఉంటుంది. రోజూ తూకం వేయండి. వరుసగా రెండు రోజులు బరువు తగ్గకపోతే ఆరినట్టు. ఆరాక కూడా వాసన వస్తున్నా, గిల్లితే పొడిలా రాలుతున్నా కొత్తది కొనడమే మంచిది. రెక్సిన్ లోపలి బూజును తేలికపాటి సబ్బునీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగండి. బ్లీచింగ్ ద్రావణం వాడితే కుట్టు దారం బలహీనపడుతుంది.

కొలత తీసుకునేది బోటు నుంచి

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పాత పలకను కొత్త ప్లైవుడ్ మీద పెట్టి చుట్టూ గీత గీసేస్తారు. నానిన ప్లైవుడ్ ఉబ్బి ఉంటుంది, అంచులు చిట్లి ఉంటాయి, మూలలు అసలే ఉండవు. ఆ గీత నమ్మదగ్గది కాదు. మందపాటి అట్ట తీసుకుని, సీటు కూర్చునే గూటిలోనే పెట్టి కత్తిరించి సరిచేయండి. పాత పలకను బోల్టు బెజ్జాలు, కీళ్ల స్థానాలు చూసుకోవడానికి మాత్రం వాడండి.

అట్ట గూటికి సరిగ్గా సరిపోయాక, చుట్టూ 3 మి.మీ. తగ్గించండి. రెక్సిన్ మందం అంచు మీదుగా తిరిగి కిందికి రావాలి కదా. మూలల దగ్గర అది మూడు నాలుగు పొరలుగా మడత పడుతుంది, అక్కడ 5 మి.మీ. వరకు వదలండి, మూలలను గుండ్రంగా తిప్పండి. పక్కపక్కన ఆనుకునే రెండు కుషన్లుంటే ఆ ఇరుకు రెండింతలవుతుందని మరవకండి. అట్ట మీద పైవైపు ఏదో, ముందు ఏదో రాసి దాచుకోండి.

ఏ చెక్క

మెరైన్ ప్లైవుడ్ వాడండి. అయితే ఆ పేరు విని అది పుచ్చదని అనుకోవద్దు. మెరైన్ ప్లై అంటే పొరలను అతికించిన జిగురు నీటికి కరగదని, లోపలి పొరల్లో ఖాళీలు దాదాపు ఉండవని అర్థం. బీఎస్ 1088 (బ్రిటిష్ ప్రమాణం) లాంటివి చూసేది ముఖ్యంగా ఇదే. చెక్క మాత్రం చెక్కే, తడిలో వదిలేస్తే అదీ పుచ్చుతుంది. ఖాళీలు లేకపోవడం మనకు రెండు విధాలుగా పనికొస్తుంది: పిన్ను ఎక్కడ దిగినా పట్టు దొరుకుతుంది, లోపల నీరు నిలిచే గూళ్లు ఉండవు. మెరైన్ ప్లై దొరక్కపోతే, నీటికి తట్టుకునే జిగురుతో చేసిన బయటి వాడకపు ప్లైవుడ్ తీసుకోవచ్చు. కోసిన అంచుల్లో సొరంగాల్లాంటి ఖాళీలు కనిపిస్తే వాటిని గట్టి ఎపాక్సీ ముద్దతో నింపాలి.

పుచ్చకుండా రాగి లవణాల మందు ఎక్కించిన ప్లైవుడ్ ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కానీ ఆ రాగి వల్ల అల్యూమినియం, మామూలు ఉక్కు త్వరగా తుప్పు పడతాయి. మీ సీటు చట్రం అల్యూమినియందైతే దాన్ని దూరంగా ఉంచండి. పైగా అది చాలాసార్లు తడిగానే అమ్మకానికి వస్తుంది, తడి చెక్కకు ఎపాక్సీ సరిగా పట్టదు. చెక్కపొడి, చెక్కముక్కలు అతికించి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు అసలు వద్దు. ఒక్కసారి నానితే రొట్టెలా ఉబ్బుతాయి.

ప్లాస్టిక్ షీటు వేస్తే పుచ్చే బాధే ఉండదు కదా అని అడుగుతారు. హెచ్‌డీపీఈ షీటు పుచ్చదు, నిజమే. కానీ అదే మందంలో ప్లైవుడ్ కన్నా బరువు, ఎక్కువ వంగుతుంది, జిగురు దానికి అంటదు, పిన్నుల పట్టు చెక్కంత ఉండదు. చిన్న సీటుకు, కింద అంతటా ఆధారం ఉన్నచోట అది బాగానే పనిచేస్తుంది. పెద్ద సీటుకు నేను చెక్కనే ఇష్టపడతాను.

మందం 12 మి.మీ. చాలా సీట్లకు సరిపోతుంది. కింద నాలుగు వైపులా ఆనే చిన్న మూతలకు 9 మి.మీ. చాలు. రెండు చివరలే ఆని మధ్యలో ఖాళీగా ఉండే పొడవాటి సీటుకు 18 మి.మీ. వేయండి. కోసేటప్పుడు పై పొర నార పొడవు వెంట ఉండేలా చూసుకోండి, అటువైపే ప్లైవుడ్‌కు బలం ఎక్కువ.

కోత, అంచులు, బెజ్జాలు

జిగ్‌సా బ్లేడు పైకి వచ్చేటప్పుడు కోస్తుంది, కాబట్టి చీలికలు పైవైపు లేస్తాయి. మంచి ముఖాన్ని కిందికి పెట్టి, సన్న పళ్ల బ్లేడుతో నెమ్మదిగా కోయండి. తర్వాత అన్ని అంచులనూ, పైనా కిందా, గరుకు కాగితంతోనో రూటర్‌తోనో (చెక్క అంచులు చెక్కే యంత్రం) గుండ్రంగా చేయండి. కనీసం 3 మి.మీ. గుండ్రం ఉండాలి. ఇది అందం కోసం కాదు. పూత పదునైన అంచు మీద నిలవదు, పక్కలకు జారిపోయి అక్కడ పల్చబడుతుంది. నీరు మొదట దూరేది అక్కడే. రెక్సిన్ చిరిగేది కూడా అక్కడే.

ఇప్పుడే, పూత పూయకముందే, అన్ని బెజ్జాలూ వేసేయండి. బోల్టులకు, కీళ్లకు, అన్నిటికన్నా ముఖ్యంగా నీరు పోవడానికి. 20 నుంచి 25 మి.మీ. వెడల్పు బెజ్జాలు, దాదాపు అడుగుకొకటి చొప్పున వేయండి. బోటు నిలబడి ఉన్నప్పుడు సీటు ఏ మూల పల్లంగా ఉంటుందో చూసి అక్కడ ఒకటి తప్పకుండా ఉండాలి. బోటులోని చట్రం బద్దెల మీద పడే చోట వేస్తే ఆ బెజ్జం మూసుకుపోయినట్టే, అట్టను గూటిలో పెట్టి ముందే గుర్తు పెట్టుకోండి. ఈ బెజ్జాలు గాలికీ దారి ఇస్తాయి. కూర్చున్నప్పుడు ఫోమ్‌లోని గాలి కుట్ల మీద ఒత్తిడి పెట్టకుండా కిందికి పోతుంది, లేచినప్పుడు పొడిగాలి లోపలికి వస్తుంది.

స్క్రూలు దిగే చోట ఒక మంచి పద్ధతి ఉంది. 4 మి.మీ. స్క్రూ అయితే 8 మి.మీ. బెజ్జం వేసి, అడుగున టేపు అంటించి, చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకు సరిపడే సన్న బెజ్జం వేయండి. స్క్రూ చుట్టూ నీరు దిగినా అది ఎపాక్సీ గొట్టంలోనే ఆగిపోతుంది, చెక్కను తాకదు. మళ్లీ ఊడదీయాల్సిన పాత బోట్లలో ఈ ఒక్క పని చేసి ఉంటే ఎన్నో పలకలు బతికేవి.

పూతకు ముందు పలకను ఒకసారి గూటిలో పెట్టి, బోల్టులు బిగించి చూడండి. సరిచేయాల్సింది ఉంటే ఇదే సమయం.

పూత

పూతల్లో నా మొదటి ఎంపిక ఎపాక్సీ. ఫైబర్ బోట్లకు వాడే పాలిస్టర్ రెజిన్ చౌకే గానీ చెక్కకు అంత గట్టిగా అంటదు. ఎపాక్సీ అందుబాటులో లేకపోతే బయటి వాడకపు పెయింటు గానీ, మంచి వార్నిష్ గానీ మూడు నాలుగు పూతలు వేయవచ్చు. అది కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి.

చెక్క పూర్తిగా పొడిగా ఉండాలి, దుమ్ము ఉండకూడదు. గదిని కాస్త వెచ్చగా చేసి లేదా పలకను ఎండలో వేడెక్కించి, నీడలోకి తెచ్చి, అది చల్లబడుతున్నప్పుడు మొదటి పూత వేయండి. దీనికి కారణం ఉంది. వేడెక్కుతున్న చెక్క లోపలి గాలిని బయటికి నెడుతుంది, పూతలో బుడగలు లేస్తాయి, ఒక్కో బుడగా పగిలి సన్నని రంధ్రం అవుతుంది. చల్లబడుతున్న చెక్క గాలితో పాటు ఎపాక్సీని కూడా లోపలికి లాక్కుంటుంది. ఈ తేడా తెలిశాక ఎండలో పెట్టి పూయడం మానేశాను.

ఎపాక్సీలోని రెండు ద్రవాలను, రెజిన్‌ను, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ను, డబ్బా మీద చెప్పిన పాళ్లలోనే కలపండి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ కాస్త ఎక్కువ వేస్తే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు. గిన్నె అంచులు, అడుగు గీకుతూ కనీసం రెండు నిమిషాలు కలపండి. కొద్ది కొద్దిగా కలుపుకోండి. లోతైన గిన్నెలో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే కాగి, పొగలొచ్చి గడ్డకడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే వేడి చెదిరిపోయి పూయడానికి వ్యవధి దొరుకుతుంది. పల్చగా ఉంటే బాగా ఇంకుతుందని థిన్నర్ కలిపేవాళ్లున్నారు. నేను కలపను. థిన్నర్ ఆవిరయ్యాక పూతలో సూక్ష్మమైన సందులు మిగులుతాయి, మనం మూయాలనుకున్నవి అవే.

అంచులతో మొదలుపెట్టండి. ప్లైవుడ్ అంచు అంటే స్ట్రాలు కట్టగా పేర్చినట్టు, నార చివరలన్నీ తెరుచుకుని ఉంటాయి. మొదటి పూత వేసిన పది నిమిషాలకే అది మాయమవుతుంది. మళ్లీ పూయండి. మళ్లీ. మెరుపు నిలిచే వరకు పూస్తూనే ఉండండి. నీరు పోయే బెజ్జాల లోపలి గోడలు కూడా అంచులే, సన్న బ్రష్ ముంచి అక్కడా ఇలాగే చేయండి. చాలామంది ముఖాలకు నున్నగా మూడు పూతలు వేసి, అంచుకు బ్రష్ ఒకసారి తిప్పి వదిలేస్తారు. నిజానికి అంచుకే ఎక్కువ పూతలు కావాలి.

తర్వాత రెండు ముఖాలకూ రోలర్‌తో పల్చగా పూయండి. ముందు పూత జిగటగా ఉండగానే, వేలి ముద్ర పడుతుంది గానీ వేలికి అంటదు అన్న దశలో తర్వాతిది వేస్తే మధ్యలో గీకాల్సిన పనిలేదు. మొత్తం మూడు పూతలు. ఒక పూత పూర్తిగా ఆరిపోతే దాని మీద కొన్నిసార్లు మైనంలాంటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని ముందు నీళ్లతో, గరుకు స్పాంజితో కడగాలి, ఆరాకే గరుకు కాగితం పట్టాలి. కడక్కుండా గీకితే ఆ జిడ్డు పూతలోకే రుద్దుకుపోతుంది. అడుగు వైపు పిన్నులు కొట్టే అంచుల మీద గ్లాస్ ఫైబర్ గుడ్డ వేయకండి. గట్టిదనం ఎక్కువై పిన్నులు దిగకుండా వంగిపోతాయి.

నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే సాధారణంగా పోదు. చర్మానికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, సబ్బునీళ్లతో కడగండి. గీకేటప్పుడు మాస్కు పెట్టుకోండి. ఒక రోజుకు పలక చేతికి గట్టిగా తగిలినా పూర్తి గట్టిదనం రావడానికి మామూలు వేడిలో వారం పడుతుంది. ఆ వారం ఆగండి.

బిగించడం

పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడండి, వీలైతే ఉప్పునీటిని బాగా తట్టుకునే 316 రకం. అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటే అవి మామూలు ఉక్కు. కొద్దిగా లాగినట్టుంటే భయపడొద్దు, స్టెయిన్‌లెస్ తీగ సాగదీసినప్పుడు కాస్త అయస్కాంత గుణం వస్తుంది. 12 మి.మీ. పలకకు 10 మి.మీ. పిన్ను, 9 మి.మీ. పలకకు 6 మి.మీ. సరిపోతాయి. పలకను దాటి పైకి రాకూడదన్నదే లెక్క. పూసిన ప్లైవుడ్‌లోకి చేతి స్టేప్లర్‌తో దింపడం కష్టం, కంప్రెసర్‌తో నడిచేది అద్దెకు తెచ్చుకున్నా మేలే. పిన్ను రెండు కాళ్లను కలిపే పట్టీ పలక అంచుకు సమాంతరంగా, రెక్సిన్‌ను కోయకుండా ఆనేంత లోతులో దిగేలా ముందు పనికిరాని ముక్క మీద సర్దుకోండి.

రెక్సిన్‌ను ఇరవై నిమిషాలు ఎండలో పరవండి, మెత్తబడి బాగా సాగుతుంది. శుభ్రమైన గుడ్డ మీద దాన్ని బోర్లా పరిచి, ఫోమ్ పెట్టి, పలకను పైన పెట్టండి. ముందు అంచు మధ్యలో ఒక పిన్ను, లాగి వెనక అంచు మధ్యలో ఒకటి, తర్వాత రెండు పక్కల మధ్యలో ఒక్కొక్కటి. తిప్పి చూడండి. కుట్టు గీత వంకర లేకుండా ఉంటే మధ్యల నుంచి మూలల వైపు, ఎదురెదురు వైపులు మార్చి మార్చి కొట్టుకుంటూ పోండి. 20 నుంచి 25 మి.మీ.కి ఒక పిన్ను. మూలలు చివరికి, ఫొటోలు చూస్తూ. ఫోమ్‌కు ప్లాస్టిక్ షీటు చుట్టకండి, నా మొదటి సీటును ముంచింది అదే.

ఇంతసేపు కష్టపడి పూసిన పూతకు ఇప్పుడు ఒక్కో పిన్నుతో రెండు బెజ్జాలు పెట్టాం. అది తప్పదు. అందుకే పిన్నుల వరుస వెంట సన్న బ్రష్‌తో వార్నిష్ రెండుసార్లు తగిలించండి, కాళ్ల చుట్టూ సందులు మూసుకుంటాయి. బోల్టు తలల కింద బ్యూటిల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) చుట్టి బిగించండి. నీటి బెజ్జాలకు పురుగులు దూరకుండా ప్లాస్టిక్ జాలీ ముక్క అంటించవచ్చు. అడుగంతా గుడ్డతో కప్పడం మాత్రం వద్దు.

బోటులో పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. మొదట కుషన్‌ను తూకం వేసి బరువు రాసుకోండి. కుషన్‌ను రెండు ఇటుకల మీద, పల్లపు మూల కిందికి వచ్చేలా పెట్టి, కింద పాత వార్తాపత్రిక పరవండి. పైన కుట్టు వెంట రెండు మగ్గుల నీళ్లు నెమ్మదిగా పోసి, రెండు మూడుసార్లు కూర్చుని లేవండి. పక్కల నుంచి జారి పడిన నీళ్లను తుడిచి, కింద పొడి కాగితం వేసి అరగంట ఆగండి. ఆ కాగితం బెజ్జాల కింద తడిస్తే లోపలికి పోయిన నీరు బయటికి వస్తోందన్నమాట. పొడిగా ఉంటే కుషన్‌ను మళ్లీ తూకం వేయండి. బరువు పెరగకపోతే కుట్లలోంచి నీరు పోలేదు, మంచిదే. బరువు పెరిగి కూడా కాగితం పొడిగా ఉంటే నీరు లోపలే ఆగింది. మూల పిన్నులు నాలుగు తీసి చూడండి, ఫోమో, రెక్సిన్ మడతో ఆ బెజ్జాన్ని మూసేసి ఉంటుంది.